దరువు ఎవరి సొత్తు? జింజర్ బేకర్ జీవితం, బృందాలు



లయవాద్యం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఎవరి గురించి అన్నది నాకే వదిలేశారు. ఈ ఉపన్యాసాన్ని ఏర్పాటు చేసిన నిధి ఒక మృదంగ విద్వాంసుడి పేర ఏర్పడింది కాబట్టి కర్ణాటక సంగీతంలో ఏ పెద్దాయన గురించో చెబుతానని అనుకుని ఉంటారు. ఆ పని నాకంటే బాగా చేయగలవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఇంగ్లండు రాక్ సంగీతంలో పేరుమోసిన ఒక డ్రమ్మర్ గురించి చెప్పదలిచాను. అతని పేరు జింజర్ బేకర్. 2019 అక్టోబరు 6న, ఎనభై ఏళ్ల వయసులో పోయాడు. మంచివాడని మాత్రం అనలేం. ఆ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత మీరు నన్ను నిలదీయరు. అయితే అతను బతికినంత కాలం పెట్టుకున్న పేచీలన్నిట్లో ఒక్కదాంట్లో న్యాయం ఉందని నాకనిపిస్తుంది. పాటకు దరువు కట్టినవాడికి ఆ పాటలో వాటా ఉందా, లేదా? ఇవాళ నేను పట్టుకున్న దారం అదొక్కటే.

అసలు పేరు పీటర్ ఎడ్వర్డ్ బేకర్. 1939 ఆగస్టు 19న దక్షిణ లండన్‌లోని లూయిషమ్‌లో పుట్టాడు. మరో రెండు వారాలకు యుద్ధం మొదలైంది. జుట్టు ఎర్రగా ఉండేది, అందుకని జింజర్ అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. తండ్రి తాపీ మేస్త్రీ. 1943లో ఈజియన్ సముద్రంలోని లేరోస్ దీవి దగ్గర జరిగిన యుద్ధంలో చనిపోయాడు. పోతూ కొడుక్కి ఒక ఉత్తరం రాసిపెట్టాడు, పద్నాలుగో ఏట తెరవమని. మగాడిలా నిలబడు, చాలాసార్లు నీ పిడికిళ్లే నీకు మంచి నేస్తాలు అని అందులోని సారాంశం. నాన్నను సరిగా ఎరగని పిల్లవాడు ఆ ఒక్క మాటను వేదవాక్కుగా పట్టుకున్నాడు. ఆ తర్వాత అతని చేతి దెబ్బ తగలనిది అతని దగ్గరికి వచ్చినవాళ్లలో కొద్దిమందికే.

మొదట అతనికి సైకిల్ పందేల పిచ్చి. టూర్ డి ఫ్రాన్స్‌లో తొక్కాలని కల. ఒకరోజు ట్యాక్సీ గుద్దుకుని సైకిల్ తుక్కయింది. కొత్తది కొనే స్తోమత లేదు. బళ్లో బల్లల మీద ఎప్పుడూ దరువు వేస్తూ మాస్టార్లకు తలనొప్పి తెప్పించే కుర్రాడు గనుక, ఒక విందులో స్నేహితులు అతన్ని డ్రమ్స్ ముందు కూర్చోమని నెట్టారు. కూర్చున్నాడు, వాయించాడు. తాను డ్రమ్మర్నని ఆ పూటే తెలిసిపోయిందని తర్వాత చెప్పుకున్నాడు. సైకిల్ తొక్కుడు పూర్తిగా వృథా పోలేదు లెండి. రెండు కాళ్లతో రెండు పెద్ద డ్రమ్ములు గంటల తరబడి వాయించే సత్తువ అక్కడినుంచే వచ్చింది.

చేతిపని కూడా వచ్చు. 1960 దశకం మొదట్లో పెర్‌స్పెక్స్ అనే గాజులాంటి ప్లాస్టిక్ పలకల్ని ఇంటి గ్యాస్ పొయ్యి మీద వేడిచేసి, వంచి, సొంతంగా డ్రమ్ములు తయారుచేసుకున్నాడు. వాటితోనే చాలా ఏళ్లు వాయించాడు. తన మృదంగానికి తానే కరణి వేసుకునే విద్వాంసుల్ని మీరు చూసే ఉంటారు. ఆ జాతి మనిషి.

లండన్‌లో అప్పుడు జాజ్ రోజులు. ఆకర్ బిల్క్, టెర్రీ లైట్‌ఫుట్ వంటివారి పాతకాలపు జాజ్ బృందాల్లో వాయించాడు. ఒకచోట గట్టిగా వాయిస్తున్నాడని, ఇంకోచోట చెప్పిన మాట వినడని గొడవ. ఆ సమయంలో ఫిల్ సీమన్ అనే గొప్ప జాజ్ డ్రమ్మర్ అతని వాయింపు విని చేరదీశాడు. ఇంటికి పిలిచి ఆఫ్రికా డప్పుల రికార్డులు వినిపించాడు. నాలుగు మాత్రల మీద మూడు, మూడింటి మీద రెండు ఎలా నడుస్తాయో అక్కడ చెవికెక్కింది. అదే గురువు దగ్గర హెరాయిన్ కూడా అలవాటైంది. అప్పటి బ్రిటన్‌లో ఆ మత్తుకు బానిసైనవాడు పేరు నమోదు చేయించుకుంటే డాక్టరే చీటీ రాసి ఇచ్చేవాడు. బేకర్ ఆ జాబితాలో చేరాడు. ఇరవై ఏళ్ల పాటు మానడం, మళ్లీ మొదలెట్టడం; 1980 దశకం మొదట్లోగానీ పూర్తిగా బయటపడలేదు. గురువు ఇచ్చిన రెండు విద్యల్లో ఒకటి అతన్ని నిలబెట్టింది, రెండోది సగం జీవితాన్ని తినేసింది.

1962లో అలెక్సిస్ కోర్నర్ నడిపిన బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్ బృందంలో చేరాడు. అప్పటిదాకా ఆ కుర్చీలో ఉన్నవాడు చార్లీ వాట్స్. బేకర్ తనకంటే బాగా వాయిస్తాడని వాట్స్ తానే తప్పుకున్నాడు. మరుసటి ఏడాది జనవరిలో వాట్స్ రోలింగ్ స్టోన్స్‌లో చేరి, 2021లో చనిపోయేదాకా, అంటే 58 ఏళ్లు, అదే బృందంలో ఉన్నాడు. బేకర్ కట్టిన రాక్ బృందాల్లో మూడేళ్లు దాటి నిలిచినది వేళ్ల మీద లెక్కపెట్టడానికి కూడా దొరకదు. ఇద్దరి తేడా అంతా చేతిలో లేదు, నోట్లో ఉంది.

కోర్నర్ దగ్గరే జాక్ బ్రూస్ అనే బేస్ వాద్యకారుడు కలిశాడు. గ్లాస్గోలో చెల్లో, సంగీతరచన చదువుకున్న స్కాట్లండు కుర్రాడు. 1963లో గ్రాహం బాండ్ అనే ఆర్గన్ వాద్యకారుడితో పాటు వీళ్లిద్దరూ విడిపోయి కొత్త బృందం పెట్టారు. అందులో కొంతకాలం గిటార్ వాయించిన యువకుడి పేరు జాన్ మెక్‌లాఫ్లిన్. ఆ తర్వాత పదేళ్లు దాటాక అదే మెక్‌లాఫ్లిన్ ఎల్. శంకర్, జాకిర్ హుసేన్, ఘటం విక్కు వినాయకరామ్‌లతో శక్తి బృందం పెట్టాడని ఇక్కడున్నవారికి నేను చెప్పక్కర్లేదు. మన ఘటానికి లండన్ బ్లూస్ క్లబ్బులకు మధ్య ఒక్క మనిషే దూరం.

బ్రూస్‌కు, బేకర్‌కు ఉప్పూ నిప్పూ. తగవు వట్టి కోపాలది కాదు, సంగీతానిది కూడా. బేస్ వాయించేవాడు కింద స్వరం పట్టుకుని నిలబడాలని బేకర్ పట్టు. బేస్ కూడా పాడాలి, తిరగాలి, మాట్లాడాలని బ్రూస్ పట్టు. నేలలా ఉండాల్సినవాళ్లిద్దరూ ఎగరాలనుకుంటే ఏమవుతుంది? వేదిక మీదే కలియబడ్డారు. బాండ్ మత్తులో మునిగిపోయి బృందం పగ్గాలు బేకర్ చేతికొచ్చాక, 1965లో బ్రూస్‌ను వెళ్లిపొమ్మన్నాడు. అయినా వస్తుంటే కత్తి చూపించి పంపేశాడని బ్రూస్ తర్వాత చెప్పుకున్నాడు.

1966లో విచిత్రం జరిగింది. ఎరిక్ క్లాప్టన్ అనే యువ గిటారిస్టు జాన్ మాయల్ బృందంలో ఉన్నాడు. లండన్ గోడల మీద అతన్ని దేవుడని రాసేవాళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లో అతని కచేరీ విని, తిరుగు ప్రయాణంలో తన కొత్త రోవర్ కారులో ఎక్కించుకుని బేకర్ అడిగాడు: మనం బృందం పెడదామా అని. పెడదాం, కానీ బేస్ జాక్ బ్రూస్ వాయించాలి అన్నాడు క్లాప్టన్. బేకర్ కారు రోడ్డు దిగినంత పనైంది. అయినా బ్రూస్ ఇంటికి వెళ్లి రాజీ కుదుర్చుకున్నాడు. నిన్న గెంటేసిన మనిషి గుమ్మం ముందు నిలబడడానికి అతనిలాంటి పొగరుబోతుకు ఎంత మనసు చంపుకోవాల్సి వచ్చిందో ఊహించండి. వాయిద్యం కోసం ఆ ఒక్కసారే దిగివచ్చాడు.

అలా పుట్టింది క్రీమ్. మీగడ అని పేరు. తమకంటే మేటివాళ్లు లేరని ముగ్గురికీ గట్టి నమ్మకం. 1966 జులై చివర్లో మొదటి కచేరీలు, 1968 నవంబరు 26న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వీడ్కోలు. రెండున్నరేళ్ల కన్నా తక్కువ కాలం, నాలుగు ఆల్బమ్‌లు. ఆ కాలంలో రాక్ సంగీతం మూడు నిమిషాల పాట నుంచి ఇరవై నిమిషాల మనోధర్మం దాకా నడిచింది. దాన్ని నడిపించినవాళ్లలో వీళ్లు ముందు.

ఇప్పుడు ఒక పాట దగ్గర కాసేపు ఆగుదాం. 1967 జనవరిలో లండన్ సావిల్ థియేటర్‌లో జిమీ హెండ్రిక్స్ కచేరీ విని ఇంటికొచ్చిన బ్రూస్‌కు ఒక బేస్ వరస తట్టింది. పై స్వరం నుంచి కిందికి దిగి, తిరిగి మొదటికొచ్చే చిన్న వరస. కవి పీట్ బ్రౌన్ మాటలు రాశాడు. పల్లవి ముక్కను క్లాప్టన్ చేర్చాడు. అదే సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్. మే నెలలో న్యూయార్క్‌లోని అట్లాంటిక్ స్టూడియోలో రికార్డు చేశారు.

మామూలు రాక్ పాటలో నాలుగు మాత్రలుంటే రెండో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద స్నేర్ డ్రమ్ము పొడిగా ఠప్పుమంటుంది. వినేవాడి తల ఊగేది ఆ రెండు చోట్లే. ఈ పాటలో బేకర్ దాన్ని తిరగేశాడు. బరువు ఒకటో మాత్ర మీద, మూడో మాత్ర మీద పెట్టాడు. స్నేర్ వదిలి టామ్‌టామ్‌ల మీదికి చేతులు దించాడు. వేగం తగ్గించాడు. ఇంటికెళ్లి ఆ పాట పెట్టుకుని వినండి. గిటార్ను పక్కనపెట్టి కింద ధుం ధుం అంటున్న దాన్నే పట్టుకోండి. బ్రూస్ వరస అదే ఉంచి దాని కింద మామూలు రెండు నాలుగుల దరువు మీ మేజా మీద వేసి చూడండి. క్లబ్బులో డ్యాన్సుకు పనికొచ్చే సాదా బ్లూస్ అవుతుంది. బేకర్ దరువు కిందికి రాగానే అదే వరస ఊరేగింపులా, మంత్రంలా బరువెక్కుతుంది. ఆ పాటను ఆ పాటగా చేసినది ఏమిటని ఎవరైనా అడిగితే సగం జవాబు టామ్‌టామ్‌ల్లో ఉంది.

రికార్డు మీద రచయితలు ముగ్గురు: బ్రూస్, బ్రౌన్, క్లాప్టన్. బేకర్ పేరు లేదు.

దీనికి ఇంకో మెలిక ఉంది. ఆ రికార్డింగుకు ఇంజనీరుగా ఉన్న టామ్ డౌడ్, కౌబాయ్ సినిమాల్లో అమెరికా ఆదిమవాసుల డప్పులా వాయించమని తానే సూచించానన్నాడు. బేకర్ దాన్ని ఒప్పుకోలేదు, ఆ దరువు తనదేనన్నాడు. ఎవరి మాట నిజమో తేల్చడం నా వల్ల కాదు. కానీ ఒకటి గమనించండి. డౌడ్ పేరు కూడా ఆ ముగ్గురిలో లేదు. ఆ దరువు ఎవరు కట్టినా, కట్టినవాడికి కాగితం మీద చోటు లేకపోవడం మాత్రం నిజం.

మరో పాట, వైట్ రూమ్. మొదట్లో వచ్చే ఆ గంభీరమైన భాగం అయిదు మాత్రల లెక్క. రాక్ పాటల్లో అప్పటికది అరుదు. అక్కడ బేకర్ టింపనీ కూడా వాయించాడు. అయిదు తిరిగి తిరిగి వచ్చి, ఉన్నట్టుండి నాలుగులోకి దిగుతుంది, పాట మొదలవుతుంది. ఖండ చాపు అలవాటైన మన చెవికి ఆ అయిదు వింత కాదు. అయిదు నుంచి నాలుగులోకి దిగేటప్పుడు కలిగే ఆ కుదుపు మాత్రం వింతగానే ఉంటుంది. ఆ అయిదు తన ఆలోచనేనని బేకర్ చెప్పుకునేవాడు. రచయితలుగా ఉన్న పేర్లు రెండు: బ్రూస్, బ్రౌన్.

పేరు లేకపోతే ఏం పోయింది అంటారేమో. డబ్బు పోయింది. రికార్డులో వాయించినందుకు వచ్చే వాటా వేరు, పాట రాసినందుకు వచ్చే వాటా వేరు. రేడియోలో మోగినా, ఇంకెవరో పాడినా, సినిమాలో వాడినా రచయితకు పైకం వస్తూనే ఉంటుంది, తరాల తరబడి. పాటంటే మాటలు, వరస, మిగిలినదంతా వాయింపు. అదీ ఆ వ్యాపారపు లెక్క. క్రీమ్ పాటల ఆదాయం బ్రూస్ ఇంటికి, బ్రౌన్ ఇంటికి ఏళ్ల తరబడి చేరింది. బేకర్ అప్పుల్లో ఉన్నప్పుడల్లా ఆ మాట ఎత్తి తిట్టాడు.

బ్రూస్ వైపు నుంచి కూడా చూడాలి. పాట తెచ్చినవాడు పాట తెచ్చినవాడే. ఖాళీ కాగితంతో కూర్చుని రాత్రంతా జాగారం చేసింది బ్రూస్, బ్రౌన్. బేకర్ తెచ్చిన పాటలు కొద్ది. పియానిస్టు మైక్ టేలర్‌తో కలిసి చేసిన మూడు పాటలు వీల్స్ ఆఫ్ ఫైర్ ఆల్బమ్‌లో ఉన్నాయి. అవి అంత గొప్పవి కావు. వైట్ రూమ్ మొదటి భాగంలో బేకర్‌కు వాటా ఉండాల్సిందని, సన్‌షైన్ విషయంలో కొంత ఉండాల్సిందని నా తీర్పు. అంతకుమించి అతను అడిగినదంతా కోపంలో అడిగినదే.

డ్రమ్ముల వాయింపుకే అతని పేరు దక్కిన చోటు ఒకటుంది, టోడ్. డ్రమ్ములే నాయకులైన రచన. 1968 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్మోర్‌లో వాయించినది పదహారు నిమిషాలకు పైగా ఉంటుంది. అప్పటికి అతని దగ్గర లుడ్విగ్ డ్రమ్ములు, వాటిలో రెండు బేస్ డ్రమ్ములు, ఒకటి కాస్త చిన్నది. డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో లూయీ బెల్సన్ రెండు బేస్ డ్రమ్ములు వాడాడు. జాజ్‌లోని ఆ పద్ధతిని రాక్‌లోకి పట్టుకొచ్చినవాళ్లలో బేకర్ ముందు వరసలో ఉన్నాడు. టోడ్ వింటుంటే కాళ్లు ఒక నడకను వదలకుండా పట్టుకుంటే చేతులు దానిమీద వేరే లెక్క చెబుతుంటాయి. మన తని ఆవర్తనంలా పెరుగుతూ పోతుంది గానీ తీర్మానంలో ఆ బిగువు లేదు, అది చెప్పుకోవాలి. పైగా ఆ తర్వాత పదేళ్ల పాటు ప్రతి రాక్ బృందంలోనూ డ్రమ్మర్‌కు ఇరవై నిమిషాలు ఇచ్చి మిగిలినవాళ్లు సిగరెట్ తాగడానికి వెళ్లే ఆచారం వచ్చింది. ఆ పాపంలో కొంత బేకర్‌దే.

క్రీమ్ ఎందుకు విడిపోయిందంటే శబ్దం వల్ల. ఆంప్లిఫైయర్లు ఏడాదికేడాది పెద్దవయ్యాయి. బ్రూస్, క్లాప్టన్ పోటాపోటీగా పెంచారు. మైకు సరిగా లేని డ్రమ్ములు వాటి మధ్య వినబడాలంటే బేకర్ ప్రాణం పెట్టి కొట్టాల్సి వచ్చింది. చెవులు పాడైపోయాయి. ఒక కచేరీలో తాను వాయించడం ఆపేస్తే మిగిలిన ఇద్దరూ గమనించనేలేదని క్లాప్టన్ చెప్పుకున్నాడు. అక్కడికి ఆట కట్టయింది.

1969లో స్టీవ్ విన్‌వుడ్, క్లాప్టన్, రిక్ గ్రెచ్‌లతో బ్లైండ్ ఫెయిత్. ఆ జూన్‌లో హైడ్ పార్కులో లక్షమంది దాకా వచ్చారు. ఒక్క ఆల్బమ్, కొద్ది నెలల యాత్రలు, అంతే. 1970లో ఎయిర్ ఫోర్స్: పది మంది, బూరలు, రెండు మూడు రకాల డ్రమ్ములు, అందులో పాత గురువు ఫిల్ సీమన్, పాత యజమాని గ్రాహం బాండ్. మనసున్న బృందమే గానీ అంతమందిని మోసే డబ్బు లేదు.

1971లో అతను చేసినది మాత్రం నాకు చాలా ఇష్టం. రేంజ్ రోవర్ బండిలో సహారా ఎడారి దాటి నైజీరియా వెళ్లాడు. దర్శకుడు టోనీ పామర్ ఆ ప్రయాణాన్ని చిత్రీకరించాడు. ఆఫ్రికా డప్పును రికార్డులో విని ఊరుకోకుండా, డప్పు పుట్టిన చోటికే ఇసుకలో బండి తోలుకుని వెళ్లిన ఇంగ్లీషు డ్రమ్మర్లు ఎంతమంది? లాగోస్‌లో అక్కడి గాయకుడు ఫెలా కూటీతో కలిసి వాయించాడు; ఆ ఏడాదే వాళ్లిద్దరి లైవ్ ఆల్బమ్ వచ్చింది. అక్కడే సొంతంగా స్టూడియో కట్టాడు. 1973లో పాల్ మెకార్ట్‌నీ బ్యాండ్ ఆన్ ద రన్ ఆల్బమ్ కోసం లాగోస్ వస్తే, ఒక పాట బేకర్ స్టూడియోలో చేశారు. ఆ పాటలో బేకర్ వాయించినది ఏమిటో తెలుసా? డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపాడు. ప్రపంచంలో పెద్ద డ్రమ్మర్లలో ఒకడు, సొంత స్టూడియోలో, గులకరాళ్ల డబ్బాతో. అలాంటప్పుడు ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడం కష్టం.

లాగోస్‌లోనే మన తగాదా మరో రూపంలో కనిపిస్తుంది. ఫెలా సంగీతానికి వెన్నెముక టోనీ ఆలెన్ అనే డ్రమ్మర్. ఆఫ్రోబీట్ అన్న సంగీతమే ఆ ఇద్దరి ఉమ్మడి సృష్టి. టోనీ ఆలెన్ లేకుండా ఆఫ్రోబీట్ లేదని ఫెలాయే ఒప్పుకున్నాడంటారు. పాటల మీద పేరు మాత్రం ఫెలాది. 1970 దశకం చివర్లో ఆలెన్ ఆ బృందం వదిలిపోయాడు. ప్రధాన కారణాల్లో ఒకటి వాటా డబ్బే. లండన్‌లో చట్టం, లాగోస్‌లో స్నేహం. డ్రమ్మర్‌కు దక్కినది రెండు చోట్లా ఒకటే.

బేకర్‌కు, ఫెలాకు చెడింది మాత్రం గుర్రాల దగ్గర. బేకర్‌కు పోలో పిచ్చి లాగోస్‌లోనే పట్టుకుంది. సైనిక ప్రభుత్వం మీద ఫెలా పాటలు కట్టి దెబ్బలు తింటుంటే, బేకర్ అదే ఊళ్లో అధికారులతో, డబ్బున్నవాళ్లతో పోలో ఆడాడు. రాజకీయం తనకు పట్టదన్నాడు. పట్టకపోవడం కూడా ఒక పక్షమే అని అతనికి తట్టలేదు. స్టూడియో చేజారిపోయింది, దేశం వదిలాడు.

ఆ తర్వాతి నలభై ఏళ్లు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అవి ఒకే తీరుగా నడిచాయి. గర్విట్జ్ సోదరులతో బేకర్ గర్విట్జ్ ఆర్మీ, రెండేళ్లు. 1980లో హాక్‌విండ్ బృందం. ఇటలీలో ఆలివ్ తోట. అక్కడినుంచి బిల్ లాస్వెల్ అనే నిర్మాత వెతికి పట్టుకొచ్చి పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ బృందం 1986 ఆల్బమ్‌లో వాయింపజేశాడు; దాంట్లో వయొలిన్ మన ఎల్. శంకర్‌ది. 1994లో చార్లీ హేడన్, బిల్ ఫ్రిసెల్‌లతో చేసిన గోయింగ్ బ్యాక్ హోమ్ అనే జాజ్ ఆల్బమ్ అతని చివరి సగం జీవితంలో వచ్చిన మేలైన పని. తనను రాక్ డ్రమ్మర్ అంటే మండిపడేవాడు, నేను జాజ్‌వాణ్ని అనేవాడు. ఆ ఆల్బమ్ వింటే ఒప్పుకుంటాం. ఎంత తక్కువ వాయిస్తాడో అందులో! అమెరికాలో కొలరాడో, అక్కడినుంచి 1999లో దక్షిణాఫ్రికా. ప్రతిచోటా గుర్రాలు, ప్రతిచోటా అప్పులు. 2005లో క్రీమ్ మళ్లీ కలిసింది: మేలో ఆల్బర్ట్ హాల్లో నాలుగు రాత్రులు, అక్టోబరులో న్యూయార్క్‌లో మూడు. లండన్‌లో బాగా కుదిరింది. న్యూయార్క్ వచ్చేసరికి అరవై దాటిన ఇద్దరు ముసలివాళ్లు శబ్దం ఎక్కువైందని మళ్లీ వేదిక మీదే తిట్టుకున్నారు. వచ్చిన డబ్బు గుర్రాలు మేసేశాయి.

2012లో వచ్చిన బివేర్ ఆఫ్ మిస్టర్ బేకర్ డాక్యుమెంటరీలో, తన గురించి సినిమా తీస్తున్న దర్శకుడి ముక్కు మీద చేతికర్రతో కొట్టి నెత్తురు కళ్లజూశాడు. ఆ దృశ్యం చూసి నవ్వేవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. కళాకారుడు గనుక కొట్టవచ్చు, తిట్టవచ్చు, పిల్లల్ని పట్టించుకోకపోవచ్చు అనే మాట మన దగ్గర కూడా వింటూ ఉంటాం. అతని పక్కన నిలబడి నష్టపోయినవాళ్ల జాబితా పెద్దది. మొదటి వరసలో సొంత పిల్లలే. కొడుకు కోఫీ కూడా డ్రమ్మరే. ఆ పేరు ఘనా దేశపు డప్పు విద్వాంసుడు కోఫీ ఘనాబా మీద గౌరవంతో పెట్టినది. జాక్ బ్రూస్ కొడుకు మాల్కమ్‌తో కలిసి కోఫీ క్రీమ్ పాటలు వాయించాడు. కొడుకులకు కత్తులు లేవు.

మళ్లీ వాటా మాటకు వస్తాను. బేకర్‌కు జాన్ బోనమ్ అంటే చులకన. లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ బోనమ్‌కు దరువులో ఊపు లేదనేవాడు. కానీ 1975లో వచ్చిన కాష్మీర్ పాట మీద ఉన్న పేర్లు చూడండి: పేజ్, ప్లాంట్, బోనమ్. గిటార్ వరస మూడు లెక్కన తిరుగుతుంటే కింద డ్రమ్ములు నాలుగు పట్టుకుని కదలవు. ఆ మూడుకూ నాలుగుకూ మధ్య ఉన్న తన్యతే ఆ పాట. అది తెలిసిన బృందం గనుక డ్రమ్మర్‌ను రచయితగా రాసుకుంది. కొన్ని బృందాలు ఇంకా ముందుకు వెళ్లి ఎవరు ఏం తెచ్చినా అందరి పేరూ వేసుకున్నాయి. అంటే చట్టం కట్టిపడేసిందేమీ లేదు, రాసుకోవాలనుకున్నవాళ్లు రాసుకున్నారు. అలా రాయించుకోలేనివాళ్ల గతి వేరు. 1969లో విన్‌స్టన్స్ అనే అమెరికా బృందం రికార్డులో గ్రెగొరీ కోల్‌మన్ వాయించిన ఆరేడు సెకన్ల దరువును తర్వాత వేలాది పాటల్లో కత్తిరించి వాడుకున్నారు. అతనికి దానిమీద ఒక్క డాలరు రాలేదు, బీదరికంలోనే పోయాడు. జేమ్స్ బ్రౌన్ బృందంలోని క్లయిడ్ స్టబుల్‌ఫీల్డ్ దరువుకూ అదే గతి.

మన సంగతి? 1957 నాటి మన కాపీరైటు చట్టం సంగీత రచన అంటే ఏమిటో చెబుతూ మెలడీని, హార్మనీని పేర్కొంది, అదీ కాగితం మీద రాసి ఉంటేనే. లయ ఊసే లేదు. త్రిపుటలు, చాపులు పుట్టిన దేశంలో! 1994 సవరణలో ఆ నిర్వచనం మార్చారు. 2012 సవరణలో వాయించినవారికి కూడా వ్యాపార వినియోగంలో వాటా హక్కు వచ్చింది. చట్టం ఇంత కదిలింది, మన అలవాటు కదల్లేదు. పాత సినిమా పాటల్లో డోలక్, తబలా వాయించిన చేతుల పేర్లు ఎన్ని రికార్డు అట్టల మీద ఉన్నాయి? ఇవాళ్టికీ కచేరీ వీడియో కింద గాయకుడి పేరు పెద్దగా, పక్కవాద్యాలవారివి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు.

అందుకని ఈ వేదిక నుంచి రెండు కోరికలు. సభల నిర్వాహకులు, రికార్డింగులు ఎక్కించేవారు లయవాద్యకారుల పేర్లు పూర్తిగా, సరిగా వేయండి. దీనికి పైసా ఖర్చు లేదు. ముందు వరసలో కూర్చున్న మృదంగం, ఘటం, తబలా విద్యార్థులారా, మీరు కట్టుకున్న తీర్మానాలను, ముక్తాయింపులను తేదీ వేసి పుస్తకంలో రాసిపెట్టుకోండి. స్టూడియోకు పిలుపు వస్తే, వాయించే ముందే కాగితం మీద మీ పేరు ఏ వరసలో ఉందో చూసుకోండి. వాయించాక అడిగితే బేకర్‌కు వచ్చిన జవాబే మీకూ వస్తుంది.